క్రిస్మస్ చెట్లకు పిండినల్లి పట్టిన ఏడాది

పెళ్ళిళ్ళలో కొత్తగా పరిచయమైనవాళ్ళు "మీరేం ఉద్యోగం చేసేవాళ్ళు?" అని అడుగుతారు. తోటల శాఖలో సస్యరక్షణ చూసేదాన్ని అంటాను. వాళ్ళకు అంతుపట్టదు. చెట్లకు పట్టే పురుగులూ తెగుళ్ళూ చూసేదాన్ని అని విడమరిస్తే, "ఓ, మందులు కొట్టించేవాళ్ళా" అంటారు. అవునని తలూపుతాను. నిజానికి నా ఉద్యోగంలో సగం కాలం మందు కొట్టొద్దని బతిమాలడానికే సరిపోయింది.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరమ్మాయిలు చింతామణిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. "మేడమ్, మాకేమన్నా చెప్పండి" అన్నారు. కాఫీ ఇచ్చి, నోటికొచ్చిన నాలుగు మాటలు చెప్పి పంపాను. వాళ్ళు మెట్లు దిగి వెళ్ళాక, చెప్పవలసింది చెప్పనేలేదే అనిపించింది. వాళ్ళ స్కూటీ చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. వాళ్ళు ఏదో తోటకే వెళ్తున్నారు. నేను లోపలికి రావాలి. ఆ తేడా ఇంత గట్టిగా తగులుతుందని రిటైరయ్యే రోజున కూడా నాకు తెలియలేదు.

అందుకని ఆ అమ్మాయిలకు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. బదిలీలు, ప్రమోషన్లు, ఆఫీసు గొడవలు వదిలేస్తాను. అవి ఎవరికి వాళ్ళకు దండిగా దొరుకుతాయి.

తిమ్మప్ప గారు

నా మొదటి పోస్టింగు బాగేపల్లి, కర్ణాటకలో తెలుగు మాట్లాడే ఊరు. అక్కడ నా పై అధికారి తిమ్మప్ప గారు. పొట్టి మనిషి, ఎండలో తిరిగి తిరిగి మెడ వెనక నల్లగా కమిలిపోయి ఉండేది. రైతు పొలంలోకి వెళ్ళగానే గొంతుక్కూర్చునేవారు. అంతే, ఇక మాట ఉండదు. రైతుకేమో విసుగు.

చాకవేలులో ఒకసారి వేరుశెనగ పైరు అక్కడక్కడా గుంపులు గుంపులుగా పసుపెక్కి వాడిపోతోంది. ఊరంతా తెగులన్నారు. ఆకుల మీద ఏం కొట్టాలో చెప్పమని రైతు తొందరపెడుతున్నాడు.

"ఏం సార్, ఇంతసేపాయె, ఏమీ పలకరు?"

"ఉండప్పా, ఇంకా చూస్తాండా."

చూసి చూసి, వాడిన మొక్కల్ని వదిలేసి వాటి పక్కనున్న పచ్చటి మొక్కను మట్టితో సహా పెళ్ళగించారు. వేళ్ళ మధ్య ముడుచుకుని తెల్లటి వేరుపురుగు. బొటనవేలంత ఉంది. రైతు నోరు తెరిచాడు.

"ఆకు మీద కొట్టే మందు భూమిలో ఉండేదాన్ని ఏం చేస్తాదప్పా?" అన్నారు తిమ్మప్ప గారు. అంతకుమించి ఉపన్యాసం ఇవ్వలేదు.

చచ్చిన మొక్క దగ్గర పురుగు ఉండదు, అది అప్పుడే పక్కదానికి పోయి ఉంటుంది. ఈ ఒక్క సంగతితో నేను చాలా ఏళ్ళు నెట్టుకొచ్చాను. బాగేపల్లి బస్టాండు దాటి వెళ్ళేటప్పుడు ఇప్పటికీ, ఆయన సైకిలు ఆనించి పెట్టే గోడవైపు నా చూపు పోతుంది.

ఆ చెట్లు

చింతామణిలో చాలాకాలం టమాటాలు, మామిడి చూశాక, ఆఖరి ఏళ్ళకు చిక్కబళ్ళాపురం వచ్చాను. ద్రాక్ష, గులాబీ, చేమంతి. పని చాలినంత ఉంది. అప్పుడే మంచేనహళ్ళి దగ్గర ఒక పల్లెలో రత్నమ్మ తోట మొదటిసారి చూశాను.

రత్నమ్మ, ఆమె భర్త నారాయణప్ప ఒకప్పుడు ద్రాక్ష పండించినవాళ్ళు. బోర్లు ఎండిపోయి ద్రాక్ష పోయింది. పందిరికి పాతిన రాతి కూసాలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. వాటికే నీడ కోసం షేడ్ నెట్టు కట్టి, కింద క్రిస్మస్ చెట్లు పెంచుతున్నారు.

పుస్తకాల్లో దాని పేరు అరకేరియా. చల్లదేశాల్లో క్రిస్మస్‌కు నరికి ఇంట్లో పెట్టుకునే చెట్టు వేరే. అది మన ఎండకు నిలవదు. దాని బదులు మన దగ్గర దీన్ని కుండీలో పెంచి అమ్ముతారు. నడుమ నిటారుగా ఒక కాడ. దాని చుట్టూ అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు, ఒక్కో అంతస్తూ నక్షత్రంలా విచ్చుకుంటుంది. ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది. కొబ్బరిపొట్టు కలిపిన మట్టిలో, తక్కువ నీళ్ళతో నడుమెత్తు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. నవంబరు చివర్లో బెంగళూరు నర్సరీలవాళ్ళు లారీ తెచ్చి ఎక్కించుకుపోతారు. ఆ తర్వాత జనవరిలో ఆ చెట్టును అడిగే నాథుడు ఉండడు.

నేను అంతకుముందు చూసిన పంటలకూ దీనికీ ఒక తేడా ఉంది. టమాటా చెట్టు నాలుగు ఆకులు పోగొట్టుకున్నా కాయలు కాస్తుంది. ఈ చెట్టుకు కాయా లేదు, పువ్వూ లేదు. దాని రూపే పంట. కింది అంతస్తులో ఒక కొమ్మ ఎండిపోతే అక్కడ మళ్ళీ కొమ్మ రాదు. నడి చిగురు తెగితే చెట్టు వంకర. నాలుగేళ్ళు సాకిన మొక్కను కొనేవాడు ఒక్కసారి చుట్టూ తిప్పి చూసి, "ఇది వద్దు" అంటాడు.

మొదటిరోజు నేను కుండీల మధ్య వంగి కొమ్మల కిందివైపు తిప్పి చూస్తుంటే, రత్నమ్మ నా వెనకే నడుస్తూ అడిగింది.

"మేడమ్మా, ఇవి కొనుక్కోని పోయి ఏం చేస్తారంట?"

"దీపాలు, నక్షత్రాలు కట్టి ఇంట్లో పెట్టుకుంటారు రత్నమ్మా."

"పండగ అయిపోయినాక?"

"కొందరు తోటలో నాటుకుంటారు. కొందరు మరిచిపోతారు."

ఆమె పక్కకు ఒరిగిన కుండీ ఒకటి సర్దింది. తర్వాత, "మా తట్టు ఎవురూ ఆ పండగ చేసేవాళ్ళు లేరు. చూడను యాడ చూస్తాము" అంది.

ఎవరికి ఏం కావాలి

ఒక వేసవిలో మా పై అధికారి శివానందప్ప గారు రైతుల్ని పిలిచి ఆఫీసులో సభ పెట్టారు. చీడపీడల విషయంలో ఎవరికి ఏం అవసరమో, దేనికి ముందు చోటివ్వాలో వాళ్ళ నోటే విందామని. ఆలోచన మంచిదే. కానీ గట్టిగా మాట్లాడేవాళ్ళ అవసరాలే పెద్దవిగా వినిపించడం ఇలాంటి సభల్లో మామూలు. ద్రాక్ష రైతులు ముందు వరసలో కూర్చున్నారు. తర్వాత టమాటావాళ్ళు. గులాబీలు పెంచే ఒకాయన చాలాసేపు మాట్లాడాడు. చివర్లో గోడ పక్కనుంచి రత్నమ్మ లేచింది.

"సార్, మావి క్రిస్మస్ చెట్లు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెనక వరసదాకా పాకింది.

శివానందప్ప గారు కన్నడం కలిసిన తెలుగులో, "అదీ బెళేనేనా అమ్మా?" అన్నారు. పంటేనా అని. ఎగతాళి చేయాలని అనలేదు. ఆయనకు నిజంగా సందేహం.

"మా ఇంట్లో నాలుగేండ్లకోసారి వచ్చే పంట సార్ అది. దానికి పురుగు పడితే ఏం కొట్టల్ల అని అంగట్లో అడిగితే, ద్రాక్షకు కొట్టేదే కొట్టు అంటాడు. కొడితే ఆకు మాడతా ఉండాది. ఇంగోటి, ఈ చెట్టు పోయేది చిన్నపిల్లోళ్ళు ఉండే ఇంట్లోకి. పిల్లోళ్ళు పట్టుకుంటారు, నోట్లో పెట్టుకుంటారు. దానికి విషం కొట్టి పంపియ్యల్లంటే నాకు మనసొప్పదు. పురుగు కొంచెంగా ఉండేటప్పుడే ఎవురన్నా వచ్చి చూస్తే చాలు సార్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. శివానందప్ప గారు ద్రాక్షకే మొదటి చోటిచ్చారు. ఇవ్వాల్సిందే, ద్రాక్ష వేలమందిది. క్రిస్మస్ చెట్లు పెంచేవాళ్ళు మా చుట్టుపక్కల వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. సభ అయ్యాక మాత్రం నన్ను పిలిచి, "ఆ చెట్ల విషయం మీరు చూసుకోండమ్మా" అన్నారు. అడ్డు చెప్పని అధికారి దొరకడం కూడా అదృష్టమే అని అప్పుడు నాకు అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తుంది.

అప్పటినుంచి వారంలో ఒక పొద్దున మంచేనహళ్ళి బస్సు ఎక్కేదాన్ని. ఆ పొద్దుటిపూటలు లేక ఇప్పుడు ఎంత వెలితిగా ఉందో చెప్పడం కష్టం. నెట్టు మీద మంచు పట్టి ఉండేది, గాలి తగిలితే ఒకేసారి జలజలా రాలేది. తడిసిన కొబ్బరిపొట్టు వాసన. రత్నమ్మ లోపలెక్కడో కుండీలు జరుపుతూ, నా అడుగుల చప్పుడు విని, "వచ్చినారా, రాండి" అనేది. తలెత్తి చూసేది కూడా కాదు. ఇప్పుడు నాకోసం అలా పని ఆపకుండా "రాండి" అనే మనిషి ఎవరూ లేరు. పిలిచేవాళ్ళందరూ కుర్చీ వేస్తారు.

మందారం కుండీలు

ఆ ఏడాది వానలు వెనకపడ్డాయి. కొనేవాళ్ళు పూలమొక్కలు కూడా అడుగుతున్నారని నారాయణప్ప ఎక్కడినుంచో మందారం కుండీలు తెచ్చి, నీడ ఉందని క్రిస్మస్ చెట్ల మధ్యలోనే పెట్టాడు. తర్వాత కొన్నాళ్ళకు కుండీల మీద చీమలు బారులు తీరాయి. చీమలు ఊరికే రావు. నేను మందారం కొమ్మ తిప్పి చూస్తే, కణుపుల్లో పిండి చల్లినట్టు తెల్లగా పిండినల్లి.

పిండినల్లి రసం పీల్చే పురుగు. ఒంటి మీద మైనం పూసుకుని ఉంటుంది, మందు సరిగా అంటదు. అది విడిచే తీపి జిగురు కోసం చీమలు వస్తాయి, దాన్ని కాపలా కాస్తాయి. ఆ జిగురు మీద నల్లటి మసి పడుతుంది. అప్పటికే అది మందారం దిగి క్రిస్మస్ చెట్ల కింది అంతస్తుల్లో చేరింది. కొనేవాడు రావడానికి రెండు నెలలు కూడా లేవు.

రోడ్డుకు అవతల కృష్ణప్ప అనే ఆయన తోట ఉండేది, అవే చెట్లు. ఆయనకూ ఇదే వచ్చింది. అంగడివాడు రెండు మందులు కలిపిచ్చాడు. ఆయన మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టాడు. పురుగు కొంత చచ్చింది, కొమ్మల కొసలన్నీ ఎర్రగా మాడిపోయాయి. నేను వెళ్ళేసరికి ఆయన చెట్ల మధ్య తుండుగుడ్డ నెత్తిన వేసుకుని కూర్చున్నాడు. "చెట్టు బతికే ఉండాది మేడమ్మా. కానీ ఎవురు కొంటారు దీన్ని?" అన్నాడు. మరుసటి ఏడాది ఆయన ఆ పని మానేశాడు.

అది చూసి కూడా నారాయణప్ప మందు కొట్టాలనే అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. భయపడిన మనిషికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

మందారాలన్నీ దూరంగా తీసేయించాను. చెట్టుకూ చెట్టుకూ కొమ్మలు తగలకుండా కుండీలు ఎడంగా పెట్టించాను. అప్పుడు చీమలకు దారి తెగుతుంది. బాగా పట్టిన చెట్లను వేరుచేసి, సబ్బునీళ్ళతో కొమ్మల కిందివైపు కడిగించాను. రత్నమ్మ, ఇద్దరు కూలివాళ్ళు, నేను పాత బ్రష్షులు పట్టుకుని ఒక్కో కణుపూ రుద్దాం. రోజులు పట్టింది. సాయంత్రానికి నడుము లేచేది కాదు. అందులో ఎంత సుఖముందో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు రాస్తుంటే నా వేళ్ళకు ఆ సబ్బు జారుడు తగులుతోంది.

కడగడం అయ్యాక, సబ్బు వాసన పూర్తిగా పోనిచ్చి, బెంగళూరు వెళ్ళాను. పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు ఉంది. నల్లటి రెక్కలు, నారింజరంగు తల. ప్రయోగశాలల్లో గుమ్మడికాయల మీద పిండినల్లిని పెంచి, దాన్ని మేపి ఈ పురుగుల్ని పెంచుతారు. మా ద్రాక్షతోటల్లో వీటిని వాడటం నాకు తెలుసు. క్రిస్మస్ చెట్ల మీద ఎవరూ వాడింది వినలేదు. డబ్బాల్లో కాగితం ముక్కల మధ్య ఉన్న పురుగుల్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాను. పక్కనున్నామె, "ఏముందమ్మా అందులో?" అంది. పురుగులంటే దిగిపోతుందని, మందనేశాను. అబద్ధం కూడా కాదు.

చల్లటి వేళ చూసి వాటిని కొమ్మల మీద వదిలాం. "ఇంక ఏమీ కొట్టొద్దు. సబ్బు కూడా వద్దు" అని చెప్పాను. నారాయణప్ప ముఖం చూస్తే నమ్మకం లేదని తెలుస్తూనే ఉంది.

నెట్టు వాకిట్లో

కొన్ని వారాలయ్యాక ఒక మధ్యాహ్నం ఫోను. అవతల నారాయణప్ప.

"మేడమ్మా, యాడుండారు? మీరు వదిలిన పురుగులు యాడ పోయినాయో ఏమో, ఒగటి కనపడదు. ఈ తెల్లవి మాత్రం రెండంతలు అయిపోయినాయి! పెద్ద పెద్దవి, ఒళ్ళంతా దారాలేసుకోని గబగబా పారాడతా ఉండాయి. ఇంగ నావల్ల కాదు, కొట్టేస్తాను. ఇది వాకిట్లో కూచోని పోనియ్యడం లేదు!"

'ఇది' అంటే రత్నమ్మ. ఆమె గొంతు వెనకనుంచి వినిపించింది. "కొట్టేదుంటే నా మీద కొట్టు. ఆయమ్మ వచ్చి చూసేదాకా మందు పంపు లోపలికి పోదు."

గబగబా పారాడుతున్నాయన్నాడు. పిండినల్లి గబగబా పారాడదు. "నారాయణప్పా, నేను బయల్దేరినాను. వచ్చేదాకా ముట్టుకోవద్దు" అన్నాను. బస్సుకోసం ఆగలేక ఆటో మాట్లాడుకున్నాను.

వెళ్ళేసరికి రత్నమ్మ నిజంగానే నెట్టు వాకిలికి అడ్డంగా నేలమీద కూర్చుని ఉంది. కొంగు బిగించి కట్టింది. నారాయణప్ప వీపున మందు పంపు తగిలించుకుని నిలబడ్డాడు. ఇద్దరి ముఖాలూ ఎర్రగా ఉన్నాయి. పక్క పొలాలవాళ్ళు నలుగురు చేరారు.

"చూడండి మేడమ్మా, నాలుగేండ్ల కష్టం. పోతే ఎవురిస్తారు?" అన్నాడు ఆయన.

"నువ్వు కొడితే మాత్రం మిగుల్తాదా? కృష్ణప్ప తోట చూసినావు కదా!" అంది ఆమె.

ఆయన పంపు దించలేదు. నేను ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించుకెళ్ళి, ఒక కొమ్మ తిప్పి, నా భూతద్దం ఆయన చేతికిచ్చాను. కొమ్మ కింద తెల్లటి పిల్లపురుగు. ఒళ్ళంతా మైనపు పోగులు. చూడ్డానికి పెద్ద పిండినల్లిలాగే ఉంది.

"దాని నోటి దగ్గర చూడు నారాయణప్పా."

చాలాసేపు చూశాడు. వీపున పంపుతోనే వంగి, ఊపిరి బిగబట్టి చూశాడు.

"ఇది… ఇది దాన్ని తింటాండాది."

"అది మన అక్షింతల పురుగు పిల్ల. పిల్లగా ఉన్నప్పుడు ఈ వేషంలో ఉంటుంది. నువ్వు కొట్టుంటే వీటినే చంపేవాడివి."

ఆయన భూతద్దం కిందికి దించాడు. పంపు విప్పి నేలమీద పెట్టాడు. బయటికి వెళ్ళి, ఇంకా వాకిట్లోనే కూర్చున్న రత్నమ్మ పక్కన కూలబడ్డాడు. రత్నమ్మే, "లెయ్, కాళ్ళు కడుక్కో, మేడమ్మకు టీ పెడతాను" అంది. ఆమె లేవబోతే కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయింది. ఆయన చెయ్యి అందించాడు. అప్పుడు ముగ్గురం నవ్వాం. నా ఉద్యోగకాలం మొత్తంలో మళ్ళీ ఒక్క రోజు వెనక్కి ఇస్తామంటే, నేను అడిగేది ఆ మధ్యాహ్నాన్నే.

అన్నీ దక్కాయని చెప్పను. మొదట్లోనే గట్టిగా పట్టిన చెట్లకు కింది కొమ్మలు పోయాయి. కొన్నిటికి మసి వదల్లేదు. కొనేవాడు వచ్చి ఒక్కో కుండీ తిప్పి తిప్పి చూసి, రెండు వరసలు పక్కన పెట్టేశాడు. మిగిలినవి తీసుకున్నాడు. రత్నమ్మ ఒక్కో చెట్టు కొమ్మల్ని పైకి మడిచి గోనెపట్టా చుట్టి, కొస విరిగిపోకుండా కట్టి లారీ దగ్గరికి అందించింది. లారీ కదిలాక నెట్టు కింద నిలబడితే ఒక్కసారిగా అంత వెలుతురు. కుండీలున్న చోట నేలమీద గుండ్రటి తడి మచ్చలు మాత్రం మిగిలాయి. ఆమె చీపురు తీసుకుంది, ఊడవలేదు, పట్టుకుని అలాగే నిలబడింది.

"ప్రతిసారీ ఇంతే మేడమ్మా. అమ్ముడుపోకుంటే ఏడుపు. అమ్ముడుపోతే ఇదో ఇట్ల."

మీకు చెప్పదలచుకున్నది

ఆ పురుగుల సంగతి తెలిసి, లారీ రాకముందే శివానందప్ప గారు స్వయంగా తోటకు వచ్చి, భూతద్దంతో చూసి, "నేనూ మందే కొట్టమనేవాణ్ణమ్మా" అన్నారు. ఆ మాట అనగలిగిన అధికారులు నాకు ఎక్కువమంది తగల్లేదు.

కొత్తగా వచ్చే అమ్మాయిలూ అబ్బాయిలూ, పురుగుల పేర్లు మీకు నాకంటే బాగా తెలుసు. ఫోన్లో ఫొటో తీస్తే పేరు చెప్పేవి వచ్చాయంటున్నారు. సంతోషం. కానీ ఫొటోలో చీమల బారు ఎక్కడినుంచి మొదలైందో కనపడదు. పక్కన కొత్తగా వచ్చిన మందారం కుండీ కనపడదు. భయపడిన మనిషి వీపున పంపు కనపడదు. రైతు అడిగిన రోజే జవాబు చెప్పాలని తొందరపడకండి. తెలియకపోతే తెలియదనండి, కానీ రేపు మళ్ళీ వస్తానని చెప్పి, రండి. కొత్త మొక్కను పాతవాటి మధ్య పెట్టే ముందు కొన్నాళ్ళు దూరంగా ఉంచమని విసుగనిపించినా ప్రతిచోటా చెప్పండి. ఆ మొక్క చివరికి ఎవరి ఇంటికి పోతుందో కూడా ఒకసారి అడగండి. మనం కొట్టించే ప్రతిదీ ఎవరో ఒకరి చేతికి తగిలేదే.

ఇంకో మాట. ఈ ఉద్యోగంలో మనం చూసుకున్నవేవీ మన దగ్గర ఉండవు. పంట పోతుంది, బదిలీ వస్తుంది, తోట చేతులు మారుతుంది. ఇది నాకు ఎవరూ ముందే చెప్పలేదు. చెప్పినా నమ్మేదాన్ని కాదేమో.

పైకి

నేను రిటైరయిన తర్వాత నారాయణప్ప గుండెపోటుతో పోయాడు. రత్నమ్మ ఒక్కతే ఆ కుండీలు మొయ్యలేక, తోటను గులాబీలు వేసేవాళ్ళకు కౌలుకిచ్చి, బాగేపల్లిలో చెల్లెలి దగ్గరికి వచ్చేసింది. నెలకోసారైనా ఫోన్లో మాట్లాడుకుంటాం. "ఈడ మట్టి ముట్టుకునే పనే లేదు మేడమ్మా, చేతులు ఎవురివో లాగా మెత్తబడినాయి" అంటుంది. నావీ అంతే అంటాను.

పోయిన డిసెంబరులో ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పించుకోవడానికి బెంగళూరు వెళ్ళాల్సి వస్తే తోడుగా నేను వెళ్ళాను. డాక్టరు కట్టు తీసేసి, చూపు బాగుందన్నాడు. నల్లద్దాలు పెట్టుకుని నా చెయ్యి పట్టుకుని నడుస్తోంది. బస్సుకు ఇంకా టైముంది. దారిలో ఒక పాత చర్చి. పండగ దగ్గరపడుతోందని గేటుకు కాగితపు నక్షత్రం కట్టారు. లోపల గోడవారగా చెట్లు చూసి నేనే ఆగాను.

"రత్నమ్మా, లోపలికి పోయి చూద్దామా?"

"మనల్ని పోనిస్తారా?"

కాపలా ఆయన పోనిచ్చాడు. ఆయన కోలారు తట్టువాడు, తెలుగే. ఆమెను అన్నిటికంటే పొడుగాటి చెట్టు మొదలు దగ్గరికి తీసుకెళ్ళి, "ఇది మన చెట్టే" అన్నాను.

ఆమె నమ్మలేదు. మొదలు మా ఇద్దరి చేతులకూ అందనంత లావు. బెరడు గరుకుగా పొరలు పొరలుగా ఉంది. ఆమె నల్లద్దాలు నుదుటి మీదికి తోసి తలెత్తింది. అంతస్తు మీద అంతస్తు, అంతస్తు మీద అంతస్తు, చర్చి గంట గూడు దాటి, పక్కనున్న మేడ దాటి, ఎక్కడో ఆకాశంలో ముగిసింది. ఆ కొసనున్న కొమ్మల నక్షత్రం మాత్రం మేం కుండీల్లో చూసినంతే చిన్నది.

ఈ చెట్టు ఇంత పెరుగుతుందని నాకు తెలుసు. ఆమె తోటలో మాత్రం అది ఎప్పుడూ నడుము దాటలేదు.

"ఇంత అవుతాదా ఇది?" అంది చివరికి. "ఎంత చిన్నప్పుడే పంపించేసినాము మేడమ్మా."

తర్వాత కాపలా ఆయన వైపు తిరిగి అడిగింది. "ఏమప్పా, దీనికి పురుగు పడితే ఏం చేస్తారు?"

"పురుగా? ఎవురు ఎక్కి చూస్తారమ్మా? నేను వచ్చినప్పటినుంచి దీనికి ఎవురూ ఏమీ చేసింది లేదు."

"ఎవురూ చూడకుండానే ఇంత అయ్యిందా?"

ఆమె గొంతులో సంతోషమూ ఉంది, ఏదో చిన్నబోయినట్టూ ఉంది. అంత కాలం వంగి వంగి కణుపులు కడిగిన చెయ్యి ఆ బెరడు మీద పెట్టి నిలబడింది. నాకూ అదే తగిలింది. ఉద్యోగమంతా నేను చేసింది ఏమిటి, ఇంత ఎత్తున దానంతట అదే పెరిగేదానికి? కానీ తోటల్లో తిరిగిన మనిషిని కదా, నాకు తెలిసిన నిజమే నోటికి వచ్చింది.

"ఇది కూడా ఒకప్పుడు కుండీలో ఉండిందే రత్నమ్మా. కింది కొమ్మ ఒకటి పోయినా దీన్ని ఎవురూ తెచ్చి నాటేవాళ్ళు కాదు. చిన్నప్పుడు దీన్ని ఎవురో చూసుకున్నారు."

"ఎవురో," అంది ఆమె.

గేటు దగ్గరనుంచి కాపలా ఆయన ఏదో అన్నాడు. బస్సు టైమవుతోంది. నేను ఆమె చెయ్యి పట్టుకోబోయి, ఆగిపోయాను. కొత్త కళ్ళు నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా, ఆమె ఇంకా పైకే చూస్తోంది.